ఉప్పు కోరిన ప్రాణి

కృష్ణా డెల్టాకు ఎగువన, కొండపల్లి కొండలకు సమీపమున నున్న మైలవరము తెలుగు నాటక చరిత్రలో పేరు గల ఊరు. 20వ శతాబ్ది తొలి దశకములలో అచ్చటి జమీందారుల పోషణమున బాలభారతి నాటక సమాజము నడచినది. నాటకములాడు సమాజములు బందరునందును, బెజవాడయందును కూడ ఉండెడివి. ఆ కాలపు నటులకు ఒక సౌకర్యము కలదు. ఒక పద్యము రక్తి కట్టకున్నను, ఒక రంగము చప్పగా సాగినను, దానిని మరుసటి ప్రదర్శనమునకు సవరించుకొనవచ్చును. తొలి రాత్రి తేలిపోయిన ఘట్టము పదవ రాత్రికి నిలద్రొక్కుకొనవచ్చును. అప్పటికి మొదటి రాత్రి లోపము చూచినవారి జ్ఞాపకమునందు తప్ప మరెక్కడను మిగిలియుండదు.

టెలివిజన్ కథకు ఈ వెసులుబాటు లేదు. ఒకసారి చిత్రించి ప్రసారము చేసిన భాగము అట్లే నిలిచిపోవును. దానిలోని తప్పును దిద్దవలెనన్నచో ముందు రాబోవు భాగములలోనే దిద్దవలెను. కావుననే ఒక కథామాలికయందలి బలహీనమైన తొలి భాగమును ఎట్లు తూచవలెనన్నది తేలికయైన ప్రశ్న కాదు. ఆ ఒక్క భాగమును చూచి తీర్పు చెప్పవలెనా? తరువాత వచ్చినదానినంతయు చూచి దానిని మన్నింపవలెనా? వైజ్ఞానిక కల్పనా కథ విషయమున ఈ ప్రశ్నకు మరియొక చిక్కు తోడగును. కథ రక్తి కట్టినదా లేదా అన్నది చాలదు, అందలి శాస్త్రము నిలుచునా అన్నది కూడ చూడవలెను. ఇందుకు మంచి ఉదాహరణము అమెరికాలో 1966లో ప్రారంభమైన ‘స్టార్ ట్రెక్’ అను కథామాలికయందు కలదు.

మొదట ప్రసారమైన కథ

1966 సెప్టెంబరు 8వ తేదీ రాత్రి ఎన్.బి.సి. అను అమెరికా ప్రసార సంస్థ ఈ కథామాలికను ప్రారంభించినది. దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. ఆ రాత్రి ప్రసారమైన భాగము పేరు ‘ది మాన్ ట్రాప్’, అనగా ‘మనుషులకు పన్నిన ఉచ్చు’. రచయిత జార్జ్ క్లేటన్ జాన్సన్, దర్శకుడు మార్క్ డానియల్స్.

కథ ఇది. ‘ఎంటర్‌ప్రైజ్’ అను అంతరిక్ష నౌక ఒక పాడుపడిన గ్రహమును చేరును. అచ్చట క్రేటర్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు, అతని భార్య నాన్సీ శిథిలములను త్రవ్వి పరిశోధించుచుందురు. వారికి ఆరోగ్య పరీక్ష చేయుటకు నౌకాధిపతి కర్క్, వైద్యుడు మెకాయ్, ఒక నావికుడు గ్రహముపై దిగుదురు. నాన్సీ ఒకప్పుడు మెకాయ్ వలచిన స్త్రీ. ఆమెను చూచినపుడు విచిత్రము జరుగును. మెకాయ్ కంటికి ఆమె పూర్వపు యౌవనముతోనే కనబడును. కర్క్ కంటికి వయసు మళ్ళిన స్త్రీగా కనబడును. నావికునికి మరియొక స్త్రీగా కనబడును. కొంతసేపటికి ఆ నావికుడు చచ్చి పడియుండును. అతని ముఖముపై ఎఱ్ఱని వలయములు తప్ప గాయము లేదు. పరీక్షింపగా అతని దేహమునందు ఉప్పు లేశమైనను లేదని తేలును.

నిజమైన నాన్సీ అదివరకే మరణించినది. ఆమె రూపమున తిరుగుచున్నది ఆ గ్రహపు ప్రాణి. అది బ్రతుకుటకు ఉప్పు కావలెను, కాని గ్రహముపై ఉప్పు తరిగిపోయినది. తన జాతిలో మిగిలినది అది ఒక్కటియే. భార్యను చంపినదని తెలిసియు, ఆ జాతి నశించుచున్నదను జాలితో క్రేటర్ దానిని కాపాడుచుండును. అది నౌకలో ప్రవేశించి మరికొందరిని చంపును. క్రేటర్ కూడ దానికే బలియగును. తుదకు కర్క్‌ను పట్టుకొన్నపుడు మెకాయ్ దానిని కాల్చి చంపును. తన పాత స్నేహితురాలి రూపముపైననే అతడు ఆయుధము పేల్చవలసివచ్చును.

ఈ కథలోని మాయ తెలుగు ప్రేక్షకునకు వింత కాదు. అంతకు 9 ఏండ్ల ముందు, 1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రమున ‘ప్రియదర్శిని’ అను పేటిక కలదు. దానిని తెరచి చూచువారికి తమకు ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. ఆ చిత్రమునకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు బందరు నాటకరంగమున చేయి తిరిగినవాడు. ప్రియదర్శిని ఎట్లు పనిచేయునని ప్రేక్షకుడు అడుగడు. అది తనకు విధించుకొన్న నియమమును తప్పకుండుట ఒక్కటే అతనికి చాలును. ఎవరు చూచినను వారి ప్రియమే కనబడవలెను.

‘ది మాన్ ట్రాప్’ ఈ పరీక్షకు నిలువదు. మొదటి రంగమున ఒకే క్షణమున మువ్వురకు మూడు రూపములు కనబడినవి. తరువాతి రంగములలో అదే ప్రాణి ఒక నావికుని రూపము ధరించినపుడు అందరికిని ఒక్క రూపమే కనబడును. ఆ ప్రాణి చూచువారి మనస్సును భ్రమింపజేయుచున్నదా? తన దేహమునే మార్చుకొనుచున్నదా? కథ ఏ సంగతియు తేల్చదు. పురాణ కథయైనను, వైజ్ఞానిక కథయైనను, తాను పెట్టుకొన్న నియమమును తానే మీరుట దోషమే.

ఈ కథ ముందు వచ్చుటకు కారణము

ఇంతకంటె మంచి కథలు చేతిలో నుండగా ఇది ఎట్లు ముందు వచ్చినది? చిత్రించిన వరుస వేరు, ప్రసారము చేసిన వరుస వేరు. రాడెన్‌బెరీ మొదట ‘ది కేజ్’ అను నమూనా భాగమును నిర్మించెను. 1965లో ఎన్.బి.సి. దానిని నిరాకరించినది. అది సామాన్య ప్రేక్షకుని బుద్ధికి మించినదని వారి అభ్యంతరము. అయినను ఆ సంస్థ మరియొక నమూనాకు అవకాశమిచ్చినది. అట్లు వచ్చిన రెండవ నమూనా అంగీకారము పొందగా కథామాలిక సాగినది. ఈ రెండు నమూనాలను కలిపి లెక్కించినచో ‘ది మాన్ ట్రాప్’ చిత్రణలో 6వది. ఒప్పుకొన్న రెండవ నమూనా ప్రసారమున 3వదిగా సెప్టెంబరు 22న వచ్చినది. నమూనాల తరువాత మొట్టమొదట చిత్రించిన భాగము నవంబరు 10వ తేదీ వరకు రానే లేదు.

‘ది మాన్ ట్రాప్’ను ముందు నిలుపుటకు హేతువు సులభముగా తెలియును. అందు ఒక క్రొత్త గ్రహమున్నది, ఒక భయంకర ప్రాణి యున్నది. క్రొత్త ప్రేక్షకుని పట్టి నిలుపుటకు అవి చాలునని ప్రసార సంస్థ తలచినది. కావున తొలి రాత్రి చూచినవారు ఈ కథామాలికను భూతము కథగా ఎంచినచో తప్పు వారిది కాదు. వినోద వ్యాపార పత్రికయైన ‘వెరైటీ’ దీనిని మెచ్చలేదు. ఆ రాత్రి తెరపై చూపినదే ఆ విమర్శకుని ముందున్న సాక్ష్యము.

చరిత్రకారుడు ఇచ్చట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ‘తొలి భాగము’ అన్నపుడు అది తొలుత వ్రాసినదా, తొలుత చిత్రించినదా, తొలుత చూపినదా అని విడదీసి అడుగవలెను. తొలుత చూపిన భాగమునందలి బలహీనతలో కొంత రచయితది, కొంత దర్శకునిది, కొంత ఎన్నిక చేసినవారిది.

ఉప్పు లెక్క

ఇక శాస్త్రమును తూచవలెను. దేహమునందలి ఉప్పు తొలగినచో మనుష్యుడు బ్రతుకడన్న మాట సత్యము. ఉప్పు అనగా సోడియము, క్లోరినుల సమ్మేళనము. 70 కిలోల బరువు గల పెద్దవాని దేహమున సోడియము సుమారు 100 గ్రాములుండును. పావుకిలో ఉప్పులో నున్న సోడియము దీనికి సమానము. ఇందులో దాదాపు మూడవ వంతు ఎముకలలో నున్నది. మిగిలినదానిలో హెచ్చుభాగము రక్తమునందును, కణముల చుట్టునున్న ద్రవమునందును ఉన్నది. నరములు వార్తలు పంపుటకును, కండరములు కదలుటకును, నీరు ఎచ్చట ఎంత నిలువవలెనో నిర్ణయించుటకును సోడియము కావలెను. రక్తపు ద్రవభాగమున లీటరుకు 135 నుండి 145 మిల్లీమోలుల సోడియము ఉండుట ఆరోగ్య లక్షణము. అది మిక్కిలి వేగముగా తగ్గినచో నీరు కణములలోనికి చొరబడును. మెదడు ఉబ్బును. మూర్ఛలు, స్పృహ తప్పుట, మరణము సంభవింపవచ్చును.

విజయవాడ ప్రాంతపు వేసవి ఎండలలో పనిచేయువారికి ఈ సంగతి పుస్తకము చదువకుండగనే తెలియును. చెమటతో నీరే కాదు, ఉప్పును పోవును. మజ్జిగలో ఉప్పు కలిపి త్రాగుట రుచికి మాత్రమే కాదు. పశువుల కుడితిలో ఉప్పుగల్లు వేయు రైతునకును ఈ అవసరము తెలిసినదే. అడవిమృగములు సైతము ఉప్పు గల నేలను వెదకికొని పోయి నాకును.

వైద్యశాస్త్రమున ఈ జ్ఞానము 1966 నాటికి క్రొత్తది కాదు. 1831-32లో ఇంగ్లండులో కలరా ప్రబలినపుడు విలియం ఒషానెస్సీ అను యువ వైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును తరిగిపోయినవని కనుగొనెను. 1832లో స్కాట్లండునందు థామస్ లాటా రోగుల సిరలలోనికి ఉప్పునీటిని ఎక్కించెను. ఒషానెస్సీ పిమ్మట కలకత్తా చేరి వైద్య కళాశాలలో రసాయన శాస్త్రము బోధించెను. భారతదేశమున టెలిగ్రాఫు తీగలు వేయించినవాడును అతడే. ‘ది మాన్ ట్రాప్’ ప్రసారమైన రెండేండ్లకు, 1968లో, ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని త్రాగించి కలరా రోగులను నిలుపవచ్చునని ఢాకాలో జరిగిన పరీక్షలు చూపినవి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున ప్రయోగించెను. అచ్చట 100కి 30 వరకున్న మరణములు 4కు లోపుగా తగ్గినవి. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు మిశ్రమమున లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. ప్రాణమునకును చిటికెడు ఉప్పునకును గల సంబంధము కల్పన కాదు.

కాబట్టి కథకు పునాది గట్టిదే. దానిపై కట్టిన గోడలే నిలువవు. మొదటి అభ్యంతరము వేగమును గూర్చినది. ముఖముపై కొన్ని క్షణములు వ్రేళ్ళు ఆనించి దేహమునందలి ఉప్పునంతయు లాగుట సాధ్యము కాదు. గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును త్రోయును. ముఖపు చర్మమునకు చేరునది అందు కొద్ది భాగమే. ఎముకలలోని సోడియము అంతకంటె నెమ్మదిగా కదలును. రెండవ అభ్యంతరము గ్రహమును గూర్చినది. భూమి పైపొరయందు సమృద్ధిలో సోడియము 6వ మూలకము. బరువున 100 పాళ్ళలో 2 పాళ్ళకు పైగా ఉండును. రాతితో ఏర్పడిన గ్రహమున ఉప్పు వట్టిపోయెననుట నమ్మదగినది కాదు.

మూడవ అభ్యంతరము అన్నిటికంటె ముఖ్యమైనది. నడిసముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల లవణములుండును. అందు సోడియము సుమారు 10.8 గ్రాములు. ఈ లెక్కన ఒక మనుష్యుని దేహమునందలి సోడియమంతయు సుమారు 9 లీటర్ల సముద్రజలములో లభించును. ఒక చిన్న బిందెడు నీరు! నక్షత్రముల మధ్య తిరుగగల నౌకకు ఒక బస్తా ఉప్పు బరువు కాదు. ఆ ప్రాణి వలన ఇందరు చచ్చుటయు, తుదకు ఆ ప్రాణియే చచ్చుటయు అవసరమే లేదు. ‘నీకు దినమునకు ఎంత ఉప్పు కావలెను?’ అని అడిగినవారు నౌకలో ఒక్కరును లేరు. ఆ ప్రాణి అవసరమేమో క్రేటర్‌కు తెలియును, కాని అతడు దాచెను. సంగతి వెల్లడియైన పిమ్మట కర్క్ వినెను, కాని కొలువలేదు.

ఏ దోషము ఎవరిది?

పాత కథను నేటి కన్నుతో చూచి నవ్వుట సులభము. అది న్యాయము కాదు. దోషములను మూడు తెగలుగా విడదీయుట మంచిది.

మొదటి తెగ సాధనముల లోపము. ఆ ప్రాణి నిజరూపము వేషము వేసికొన్న మనుష్యుడని చూచిన వెంటనే తెలియును. గ్రహము రంగులు పూసిన అట్టల అమరికగా కనబడును. వారమునకొక కథను చిత్రింపవలసిన కాలమున, నాటి ధనముతో, నాటి యంత్రములతో అంతకంటె హెచ్చు సాధ్యము కాలేదు. దీనికి శిక్ష లేదు. సురభి వారి తెరలను చూచి మెచ్చిన ప్రేక్షకునకు ఈ సంగతి చెప్పనక్కరలేదు.

రెండవ తెగ జ్ఞానలోపము. ఒక కథ వ్రాయునాటికి శాస్త్రమునకే తెలియని సంగతిని గూర్చి తప్పు వ్రాసినచో రచయితను నిందింపరాదు. కాని ఉప్పు సంగతి అట్టిది కాదు. దేహమున అది ఎంత యున్నదో, సముద్రమున ఎంత యున్నదో, నేలలో ఎంత యున్నదో 1966 నాటి పాఠ్యపుస్తకములలోనే కలదు. కావున ఈ దోషమును లెక్కలో వ్రాసికొనవలెను. అయినను ఇది చిన్న దోషమే. మంచి కథలలో సైతము ఇటువంటివి దొరకును.

మూడవ తెగ జిజ్ఞాసా లోపము. శాస్త్రజ్ఞులతో నిండిన నౌక ఒక అపూర్వ ప్రాణిని ఎదుర్కొన్నది. దానికి భాష కలదు, జ్ఞాపకము కలదు, ఆకలి కలదు. ఆ ఆకలికి తీరు మార్గము కలదు. కథలోనివారు దానిని వేటాడిరేగాని పరిశీలింపలేదు. వైజ్ఞానిక కథలో శాస్త్రము ఉండవలసిన చోటు యంత్రములలో కాదు, మనుష్యుల నడవడిలో. ప్రశ్న అడిగి, కొలిచి, పిమ్మట నిర్ణయించువాడే శాస్త్రజ్ఞుడు. ఈ భాగము నిజముగా బలహీనమైనది ఇచ్చటనే.

కథకు కూడ ఈ లోపము లోలోపల తెలియకపోలేదు. ఒక జాతి తుడిచిపెట్టుకొనిపోవుటను గూర్చి చెప్పుచు క్రేటర్ అమెరికాలోని బాటసారి పావురమును, అడవిదున్నను తలచును. ప్రాణి చచ్చిన పిమ్మట కర్క్ మౌనముగా కూర్చుండి ఆ అడవిదున్న మాటనే నెమరువేయును. ఈ ఉదాహరణములు కల్పితములు కావు. బాటసారి పావురములు ఒకప్పుడు ఉత్తర అమెరికా ఆకాశమును కమ్మునట్లు ఎగిరెడివి. వాటిలో చివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించినది. కోట్ల సంఖ్యలో నుండిన అడవిదున్నలు 19వ శతాబ్ది చివరకు వేయి లోపుకు దిగినవి.

తెలుగు దేశమున ఇట్టి కథయే కలివికోడిది. 1848లో శాస్త్రలోకమునకు తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికంటను పడినట్లు నమోదు కాలేదు. అది నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతపు చిట్టడవులలో అది మరల కనబడినది. ఊరివారు కలివికోడి అని పిలుచుచు గుర్తించు పక్షినే పండితులు లేదనుకొనిరి. ఆ ప్రాంతపు జనులను అడిగి, వారి సాయముతో రాత్రివేళల వెదకినందువలననే ఆ పక్షి దొరకినది. చివరిదాని యెదుట నిలిచినవాడు మొదట అడుగుటయా, మొదట కొట్టుటయా అన్న ప్రశ్న టెలివిజన్ కథకు మాత్రమే సంబంధించినది కాదు.

ఆరు నెలల తరువాతి సవరణ

నాటక సమాజమువలె ఈ కథామాలికయు తన తప్పును దిద్దుకొన్నది. అయితే అదే రంగమును కాక మరియొక రంగమును వ్రాసి దిద్దుకొన్నది. 1967 మార్చి 9న ‘ది డెవిల్ ఇన్ ద డార్క్’, అనగా ‘చీకటిలోని దయ్యము’ అను భాగము ప్రసారమైనది. ప్రసారపు వరుసలో అది 25వది. రచయిత జీన్ కూన్. ఇచ్చటను ఒక భయంకర ప్రాణి మనుష్యులను చంపుచుండును. ఇదియు తన జాతిలో మిగిలిన ఒక్కతే.

ఒక గ్రహమున గనిపనివారు సొరంగములు త్రవ్వుచుందురు. రాతిని కరగించుకొని తిరుగు ప్రాణి యొకటి వారిని దహించి చంపుచుండును. గనిపనివారికి కావలసినది దాని చావు. నౌకలోని శాస్త్రాధికారి స్పాక్ మాత్రము తొందరపడక సాక్ష్యము వెదకును. సొరంగములలో వేలకొలది రాతి గుండ్లు దొరకుచున్నవి. పనివారు వానిని పనికిమాలినవని పగులగొట్టుచున్నారు. ప్రాణి దాడి చేయుట ఆ చోటు తెరచిన తరువాతనే మొదలైనది. ఆ గుండ్లు దాని గ్రుడ్లు! అది బిడ్డలను కాచుకొను తల్లి. సంగతి తెలిసినంతనే పోరు ఆగును. రాయి తొలుచుట దాని పిల్లలకు స్వభావము, ఖనిజము మనుష్యులకు అవసరము. కావున ఇరువురకు పొత్తు కుదురును. గాయపడిన ఆ తల్లికి కట్టు కట్టువాడు డాక్టరు మెకాయ్. అది రాతి దేహము గనుక అతడు సిమెంటువంటి పదార్థమును మెత్తి గాయము మాన్పును. తొలి కథలో చివరి ప్రాణిని కాల్చి చంపిన చేయియే ఈ కథలో చివరి ప్రాణిని బ్రతికించినది.

ఇచ్చట ఒక మాట దాచరాదు. ఈ రెండవ కథ శాస్త్రము కూడ నిర్దుష్టము కాదు. ఆ ప్రాణి దేహము కార్బనుతో కాక సిలికానుతో నిర్మితమైనదని కథ చెప్పును. రెండును ఒకే కుటుంబపు మూలకములగుటచేత ఈ ఊహకు కొంత ఆధారము కలదు. కాని కార్బను ఆక్సిజనుతో కలసి వాయువగును, ప్రాణి దానిని ఊపిరితో విడువవచ్చును. సిలికాను ఆక్సిజనుతో కలసి ఇసుకరాయి వంటి ఘనపదార్థమగును. అట్టి ప్రాణి ఇసుకను ఊపిరిగా విడువవలసివచ్చును! కావున లెక్కకు లెక్క చూచినచో రెండవ కథ మొదటిదానికంటె తక్కువ దోషము గలది కాదు. అయినను అది మేలైన వైజ్ఞానిక కథ. అందలి మనుష్యులు చూచి, పోల్చి, అడిగి, తెలిసికొని, పిమ్మట చేయి చాచిరి. సాక్ష్యము తమ మొదటి అభిప్రాయమునకు విరుద్ధముగా నున్నపుడు అభిప్రాయమును మార్చుకొనిరి.

తీర్పు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ‘ది మాన్ ట్రాప్’ బలహీనమైన భాగమా? అవును. అది తన నియమమును తాను పాటింపలేదు, తన ఉప్పును తాను కొలువలేదు. తరువాత మంచి భాగములు వచ్చినవి గదా అని దీని దోషములను తుడిచివేయరాదు. కొడుకు ప్రయోజకుడైనంత మాత్రమున అతడు మూడవ తరగతిలో చేసిన లెక్క ఒప్పు కాదు.

అయితే అది వ్యర్థమైన భాగమా? కాదు. ఆకలితో చంపు ప్రాణికి బ్రతుకు హక్కు కలదా అన్న ప్రశ్నను అది తెరచినది. జవాబు మాత్రము చెప్పలేకపోయినది. ఆరు నెలలకు అదే కథామాలిక ఆ ప్రశ్నను తిరిగి చేపట్టి జవాబు చెప్పినది. తొలి ప్రయత్నము విలువ దాని ఫలితములోనే కాక, అది వెనుకవారికి మిగిల్చిన ప్రశ్నలో కూడ నుండును. ఒషానెస్సీ రక్తమున ఉప్పు తరిగినదని కనుగొన్ననాడు కలరా నయము కాలేదు. లాటా ఉప్పునీరు ఎక్కించిన రోగులలో పలువురు బ్రతుకలేదు. ఆ పద్ధతి నిష్ఫలమని నాటి వైద్యులు దశాబ్దములపాటు ప్రక్కకు నెట్టిరి. ప్రశ్న నిలిచియున్నది గనుక జవాబు వచ్చినది. తొలి యత్నము బలహీనముగా నున్నదని ప్రశ్ననే త్రోసివేసినచో ఎన్ని ప్రాణములు నష్టమగునో వైద్యచరిత్ర చూపుచున్నది.

స్టార్ ట్రెక్ 79 భాగములు సాగి 1969 జూన్ 3న ముగిసినది. అప్పటికి మనుష్యుడు చంద్రునిపై కాలు మోపుటకు 7 వారములు కూడ లేవు. 1976లో అమెరికా అంతరిక్ష సంస్థ తన మొదటి షటిల్ వాహనమునకు ప్రేక్షకుల కోరికపై ‘ఎంటర్‌ప్రైజ్’ అని పేరిడినది. 1983 ఆగస్టు 30న అట్టి షటిల్ ఒకటి ‘ఇన్సాట్-1బి’ని మోసికొనిపోయినది. ఆ ఉపగ్రహము వలన భారతదేశమున టెలివిజన్ ప్రసారములు దూరదూరపు ఊళ్ళకు విస్తరించినవి. ఆ దశకమున దూరదర్శన్ స్టార్ ట్రెక్‌ను ప్రసారము చేయగా మన దేశపు బాలబాలికలును దానిని చూచిరి.

నేడు మైలవరమునందలి విద్యార్థికి వైజ్ఞానిక కథలు పుస్తకముగను, చలనచిత్రముగను చేతికందుచున్నవి. ఉపాధ్యాయులు అట్టి కథ నొకదానిని తరగతిలో తీసికొని, విద్యార్థులచే మూడు పనులు చేయింపవచ్చును. మొదటిది, కథ తనకు పెట్టుకొన్న నియమము లేవో వ్రాయించి, అవి ఎచ్చట తప్పినవో చూపుమనుట. రెండవది, కథలోని ఒక సంఖ్యను లెక్కకట్టించుట. దేహమునందలి ఉప్పును సముద్రజలముతో పోల్చుట వంటి లెక్కకు గుణకార భాగహారములు చాలును. మూడవది, కథలోని పాత్రలు ఏ ఘట్టమున ప్రశ్న అడుగవలసియుండియు అడుగలేదో గుర్తింపుమనుట. మొదటి రెండు పనులు కథను పరీక్షించును. మూడవది విద్యార్థిని పరీక్షించును. ఆ నౌకలో తానున్నచో ఆయుధము తీసియుండునా, త్రాసు తీసియుండునా అని అతడు తన్ను తానే ప్రశ్నించుకొనవలసివచ్చును.